సంగమేశ్వరం నుంచి సోమశిల బండల దాకా: తక్కువ నీళ్ళలో పడవ ప్రయాణం

శ్రీశైలం జలాశయం 885 అడుగుల నిండు మట్టానికి దగ్గరగా ఉన్నప్పుడు సంగమేశ్వరం వద్ద కృష్ణను దాటడం సులువని, నీరు తగ్గిన తరువాతనే అది కష్టమవుతుందని చెబితే మా కర్నూలులో చాలామంది నమ్మరు. లోతు తక్కువైతే ప్రమాదమూ తక్కువేనని నేనూ అనుకునేవాణ్ణి. అవతలి ఒడ్డున, తెలంగాణలోని సోమశిల వైపు గుట్టల పాదాల వద్ద నీటమునిగిన బండల చుట్టూ గాలం వేయడానికి మూడేళ్ళలో నాలుగు సార్లు వెళ్ళి వచ్చాక ఆ నమ్మకం పోయింది. ఈసారి ఫిబ్రవరి చివరలో, కడప నుంచి వచ్చిన మా బావతో కలిసి వెళ్ళాను.

తెల్లవారుజామున నాలుగింటికి కర్నూలులో బయలుదేరి, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని నందికొట్కూరులో ఉగ్గాని, బజ్జీ తిని, వెలుగు వచ్చేసరికి రేవు చేరుకున్నాము. బస గురించి నా అనుభవం చెప్పాలంటే, ఒకసారి ఆత్మకూరులోని ఒక లాడ్జిలో దిగాము. గది శుభ్రంగానే ఉంది గాని, వేకువన గేటు తీసేవారు లేక గంటకు పైగా కారులోనే కూర్చున్నాము. ఆ గంట ఎంత విలువైనదో నీటి మీదికి వెళ్ళాక తెలిసింది. మరొకసారి రేవు దగ్గర జాలరుల గుడిసె పక్కన పడుకున్నాము. సమయం కలిసివచ్చింది, వారి ఆదరణ గొప్పది, కానీ మరుగుదొడ్డి లేదు. నీరు తగ్గి గుడి బయటపడ్డాక సంగమేశ్వర దర్శనానికి కుటుంబంతో వచ్చేవారికి ఆత్మకూరు బాగుంటుంది. గాలం కోసం వచ్చేవారు కర్నూలులోనే పడుకుని చీకటితో బయలుదేరడం మేలని నా అభిప్రాయం.

ఇక పడవల సంగతి. ఇక్కడ వెదురుతో అల్లిన పుట్టి, ఇంజను బిగించిన చెక్క పడవ, ఫైబరు పడవ, ఈ మూడూ దొరుకుతాయి. పుట్టి జానెడు నీటిలో కూడా తేలుతుంది, అడుగున బండ తగిలినా పెద్దగా చెడదు. అయితే గాలి లేస్తే గిరగిర తిరుగుతూ గాలి వాటానికే పోతుంది కనుక ఒడ్డు వెంబడి తిరగడానికే తప్ప నదిని దాటడానికి పనికిరాదు. చెక్క పడవ బరువుగా, నిలకడగా ఉంటుంది కానీ బురదలో కూరుకుంటే నలుగురు దిగి తోసినా కదలదు. మేము మత్స్యశాఖ లైసెన్సు ఉన్న ఒక పెద్దాయన ఫైబరు పడవను రోజుకు మూడు వేలకు మాట్లాడుకున్నాము. ఆయన నలుగురికి మించి ఎక్కించుకోరు. ఈ నీళ్ళ మీద 2007 జనవరిలో మంచాలకట్ట వద్ద పడవ మునిగి అరవై మందికి పైగా మరణించారు. ఆ సంగతి తెలిసినవారు, పడవ నిండితే గాని కదలని మనిషితో బేరమాడరు.

రేవు దాటగానే భవనాశి కృష్ణలో కలిసే మేర వస్తుంది. ఆ ఏరు తెచ్చిన ఒండ్రు అక్కడ పేరుకుపోవడం వల్ల, విద్యుత్తుకూ కాలువలకూ నీరు తీసుకునే కొద్దీ మట్టం తగ్గే ఈ నెలల్లో, మోకాటిలోతు నుంచి నిలువులోతు దాకా పది బారల దూరంలోనే మారిపోతూ ఉంటుంది. పైకి చదునుగా కనిపించే ఆ నీటి కింద జలాశయం కట్టకముందు నిలిచిన చెట్ల మోళ్ళు, పాత గోడల రాళ్ళు ఉన్నాయి. పెద్దాయన ఇంజనును సగం పైకెత్తి, ముందు ఒక మనిషిని వెదురు గడతో నిలబెట్టి, నడిచినంత వేగంతో పడవను పోనిచ్చారు. నేను నీటి రంగుల గురించి అడిగితే, “ఎర్రగ ఉంటే బురద సామీ, నల్లగ ఉంటే లోతు. గాలి లేకుండ ఒకే చోట ముడతలు పడుతుందంటే కింద బండ ఉన్నట్లే” అన్నారు. వలల బెండ్లు కనిపించిన చోటల్లా ఇంజను ఆపి, గడతో తోసుకుంటూ దాటించారు. వలతాడు నీటిలో తిరిగే ఇంజను ఫ్యానుకు చుట్టుకుంటే పడవ ఆగడమే కాదు, మరొకరి కూడు కూడా తెగుతుంది.

రెండేళ్ళ క్రితం వేరొక పడవలో ఈ జాగ్రత్తలేవీ లేవు. ఆలస్యంగా బయలుదేరామని పడవవాడు వేగం పెంచాడు. మోడు తగిలి, ఫ్యానును ఇరుసుకు పట్టి ఉంచే పిన్ను విరిగింది, అతని దగ్గర మారు పిన్ను లేదు. పదకొండు గంటలకు గాలి లేచింది. లోతైన నీటిలో వెడల్పుగా, మెల్లగా వచ్చే అల, అడుగు పైకి వచ్చేకొద్దీ పొట్టిగా, నిటారుగా లేచి విరుగుతుంది. ఆ విరిగిన నీరే పక్క నుంచి పడవలోకి దూకింది. లంగరు రాయి వేసి, ముక్కును గాలికి ఎదురు తిప్పి, అందరమూ అడుగున కూర్చుని నీరు తోడుతూ ఉండగా ఒక పుట్టి వచ్చి మమ్మల్ని ఒడ్డుకు చేర్చింది. అప్పటి నుంచి లైఫ్ జాకెట్లు మావే తీసుకువెళుతున్నాము. రేవులో ఇచ్చేవాటిలో చాలావాటికి బకిల్సు ఊడిపోయి ఉంటాయి. జాకెట్టు భుజాలు పట్టి పైకి లాగితే చెవుల దాకా వచ్చేది వేసుకున్నా వేసుకోనట్లే. ఫోను సిగ్నలు అన్ని చోట్లా అందదు కనుక మెడలో ఈల, సంచిలో మారు పిన్ను తప్పనిసరి.

ఎనిమిది కాకముందే అవతలి బండల వద్ద లంగరు వేశాము. రాతికి పట్టిన పాచిని మేయడానికి చిన్న చేపలు, వాటి కోసం పెద్దవి చేరుతాయి కాబట్టి బండకూ లోతుకూ మధ్య అంచునే గాలం వేయాలి. ఎర్రలకు రెండు వాలుగలు, జొన్నపిండి ముద్దకు ఒక శీలావతి పడ్డాయి. బావ ఇంకో గంట ఉందామన్నాడు. పెద్దాయన నీటి మీద పడుతున్న గరుకును చూసి, పదింటికే లంగరు ఎత్తారు. బేరం రోజు మొత్తానికి అయినా, వెనుదిరిగే వేళ పడవ నడిపేవారిదేనని ఒప్పుకోలేనివారు ఈ ప్రయాణం పెట్టుకోకూడదు.

తిరుగు ప్రయాణంలో మునిగి ఉన్న సంగమేశ్వరాలయ శిఖరం కొన నీటి పైన మూరెడు కనిపించింది. పెద్దాయన దానికి నమస్కరించి, వచ్చేసారి బయలుదేరే ముందు ఫోను చేయమన్నారు. “శిఖరం కంఠం దాంక బయటపడిందంటే ఈ దోవ పనికిరాదు, రావద్దు సామీ” అన్నారు. రేవులో ఆయన ఇల్లాలు వాలుగలతో పులుసు పెట్టి, జొన్నరొట్టెలతో మాకు వడ్డించారు.