మంచం పట్టినవాళ్ల దగ్గర పని: బ్యూరోలో చేరడమా, కోర్సు చేయడమా, నర్సింగేనా?

తిరుపతి జీవకోనలో మా పక్కింటి అమ్మాయి ఇంటర్ పాసై రెండేళ్లయింది. రోజూ టౌన్లోకి బట్టల షాపు పనికి పోయొస్తుంది. మొన్న సాయంత్రం వచ్చి, "అత్తా, పేషెంట్లున్న ఇళ్లకు మనుషుల్ని పంపే బ్యూరోవాళ్లు డ్యూటీకి రమ్మంటున్నారు. రేపే చేరమంటున్నారు. చేరిపోయేదా, ఏదైనా కోర్సు చేసేదా?" అని అడిగింది. వాళ్లమ్మకేమో కూతుర్ని నర్సును చేయాలని.

నన్నెందుకు అడిగిందంటే, మా మామగారు పక్షవాతంతో రెండేళ్లు మంచంలో ఉన్నారు. ఆ రెండేళ్లలో మా ఇంటికి నలుగురు అటెండర్లు వచ్చి పోయారు.

మొదటామె బ్యూరో పంపితే వచ్చింది. మంచి మనిషే. కానీ బ్యూరోవాళ్లు ఆమెకు చెప్పి పంపింది మా ఇంటి అడ్రసు ఒక్కటే. మామగారిని లేపి కూర్చోబెట్టాలంటే ఎడమ చేయి పట్టుకుని లాగేది. పడిపోయిన చేయే అది. భుజం దగ్గర కండరాల్లో పట్టుండదు కాబట్టి అలా లాగితే కీలు జారే ప్రమాదం ఉంటుంది. అప్పట్లో ఆ సంగతి మాకూ తెలియదు. నడుం కింద చర్మం ఎర్రగా కమిలితే పౌడర్ చల్లి గట్టిగా రుద్దేది. ప్రేమగానే రుద్దేది పాపం. వారం తిరక్కుండా అక్కడ పుండు పడింది.

మూడో ఆమె కోర్సు చేసి వచ్చింది. వచ్చీ రాగానే పాత దుప్పటి ఒకటి అడిగింది. దాన్ని మడిచి, మామగారి భుజాల నుంచి తొడల దాకా కిందుగా అడ్డంగా పరిచింది. అటు నేను, ఇటు తను దుప్పటి అంచులు చుట్టి పట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అనగానే జరిపితే అంత బరువు మనిషి దిండు మీదికి వచ్చేశారు. చేయి లాగింది లేదు, ఆయన మూలిగింది లేదు. గోడకు కాగితం అంటించి, రెండు గంటలకోసారి ఏ పక్కకు తిప్పిందో రాసేది. ముక్కు ట్యూబులో రాగిజావ పోసేముందు తల వైపు ఎత్తు పెట్టేది, పోశాక అరగంట దాకా దించనిచ్చేది కాదు. మా పిల్లోడు యూరిన్ బ్యాగును పొరపాటున మంచం మీద పెడితే వాడికి పడ్డాయి చీవాట్లు! బ్యాగు ఎప్పుడూ కిందనే వేలాడాలి, పైకెత్తితే మూత్రం మళ్లీ లోపలికి పోతుందట.

చూసి నేర్చుకుంటే చాలదా అంటారు. ఎముక విరిగితే వేసే పుత్తూరు కట్టు తరతరాలుగా అట్లా నేర్చిందే కదా? నిజమే, కాకపోతే అక్కడ పక్కన నేర్పే పెద్దమనిషి ఉంటాడు. బ్యూరో డ్యూటీలో ఉండేది నువ్వు, మంచంలో మనిషి, అంతే.

అలాగని సర్టిఫికెట్ ఉన్న ప్రతి ఒక్కరికీ పని తెలుసనీ కాదు. మాకొచ్చిన నాలుగో ఆమెకూ ఉండింది. నేర్చుకుందంతా బొమ్మ మీదే. ముక్కు ట్యూబు చూడగానే చేతులు వణికాయి. అందుకే కోర్సు పేరు కంటే ముందు వార్డు సంగతి అడగమన్నాను. ఆస్పత్రిలో ఎన్ని రోజులు చేయిస్తారు? నేర్పేది నర్సేనా? ఉద్యోగం తిరుపతిలోనా, బెంగళూరులోనా? ఈ పనికి సంబంధించిన కోర్సును జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అంటారు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద ఫీజు లేకుండా నేర్పారు. రాష్ట్రంలో ఈ వ్యవహారాలు నైపుణ్యాభివృద్ధి సంస్థ చూస్తుంది. కోర్సు కొన్ని నెలల్లో అయిపోతుంది. ఏళ్లుగా ఆయా పని చేస్తున్నవాళ్ల కోసం, తెలిసిన పనికే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా ఆ పథకంలోనే పెట్టారు. వాళ్లు మొదట్నుంచీ క్లాసులో కూర్చోనక్కర్లేదు.

నర్సింగ్ దారి వేరు. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. జీఎన్ఎంకు ఇంటర్‌లో బైపీసీ ఉండి తీరాలని లేదు. ఇంజెక్షన్ వేయడానికి, సర్కారు ఉద్యోగానికి, విదేశాలకు పోవడానికి అదే దారి. ఇంట్లో మూడేళ్లు జీతం లేకుండా గడిచే పరిస్థితి ఉంటే రెండో ఆలోచన వద్దంటాను. వీళ్ల ఇంట్లో అది లేదు. వాళ్లమ్మకూ తెలుసు, ఒప్పుకోవడానికే మనసు రాదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను: బ్యూరోవాళ్లు అందర్నీ "సిస్టర్" అనే పంపిస్తారు. ఎంత బతిమాలినా నువ్వు సూది పట్టుకోకు. ఏదైనా జరిగితే టెన్షన్ అంతా నీదే.

డబ్బు దగ్గర కోర్సు గెలుస్తుందని చెప్పలేను. మేం మొదటామెకూ మూడో ఆమెకూ ఇచ్చింది ఒకే రేటు. 12 గంటలకింత, 24 గంటలకింత అని బ్యూరో లెక్క. అందులో కమిషన్ పోతుంది. తప్పు మాది కూడా, ఎక్కువిస్తామని మేమూ అనలేదు. 2024 జూలై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను వస్తోంది. అది అందే ఇంటివాళ్లనైనా పని తెలిసిన మనిషికి కాస్త ఎక్కువ అడగొచ్చు.

అయినా నా ఓటు కోర్సుకే. పేషెంట్ కోసమే కాదు, ఆ పిల్ల నడుం కోసం. మొదటామె మా ఇంట్లో మానేసింది నడుం పట్టేసే. 35 ఏళ్లు కూడా ఉండవు.

నిన్న పోయి ఒక సెంటర్ చూసొచ్చింది. "ఒక మంచం, ఒక బొమ్మ ఉన్నాయత్తా. వార్డులో ఎన్ని రోజులని అడిగితే చూద్దాంలే అన్నారు" అంది. ఇంకోటి చూడమన్నాను. సోమవారం షాపుకు సెలవు పెడుతోంది. బ్యూరో అతను మాత్రం రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాడట.