బరంపురంలో మంచి తిండి వెతుక్కోవడం: 12 ఏళ్ళ తర్వాత నా సమీక్ష

మా ఆయనకి రైల్వేలో బదిలీ అయి 2013 జూన్‌లో ఒడిశాలోని బరంపురం వచ్చాం. అప్పటిదాకా నాకు తెలిసిన ఊళ్ళు దుగ్గిరాల, తెనాలి, మహా అయితే విజయవాడ. వచ్చిన వారానికే అమ్మకి ఫోన్ చేసి "ఇక్కడ తినడానికేం దొరకవమ్మా" అని చెప్పేశాను. ఆ మాట ఎంత తప్పో తెలియడానికి నాకు మూడేళ్ళ పైనే పట్టింది. బదిలీల మీద ఈ వైపు వచ్చేవాళ్ళు, పెళ్ళయి ఇక్కడికి కాపురానికొచ్చే అమ్మాయిలు అంత కాలం పోగొట్టుకోకూడదనే ఇది రాస్తున్నాను. మంచి హోటలు, మంచి సరుకు పట్టుకోవడానికి నేను నమ్ముకున్న దారుల్లో ఏది పనికొచ్చిందో, ఏది ముంచిందో ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందు ఫోన్‌లో నక్షత్రాల సంగతి. మొదటి రెండేళ్ళూ మ్యాప్ తెరిచి, నాలుగు నక్షత్రాలు దాటితే చాలు, ఆలోచించకుండా వెళ్ళిపోయేదాన్ని. దాంతో ఉపయోగం లేదని అనను. రాత్రి పొద్దుపోయాక రైలు దిగిన చుట్టాలకి ఏ హోటలు తెరిచి ఉందో, కారు ఎక్కడ పెట్టుకోవచ్చో, బాత్రూము శుభ్రంగా ఉంటుందో లేదో అదే చెబుతుంది. రుచి విషయంలో మాత్రం నమ్మలేం. ఆ అభిప్రాయాలు రాసేది ఎక్కువగా దారినపోయేవాళ్ళు. పూరీకో చిలికాకో వెళ్తూ హైవే పక్కన ఒక పూట ఆగి, ఏసీ బాగుంది, వడ్డన త్వరగా అయింది అని రాసి వెళ్ళిపోతారు. ఆస్కా రోడ్డులో పదేళ్ళుగా ఒకే బల్ల దగ్గర మధ్యాహ్నం భోంచేసే గుమాస్తా ఒక్క ముక్క కూడా రాయడు. పైగా వంటమనిషి మానేసి వెళ్ళిపోయినా ఆయన సంపాదించిన నక్షత్రాలు ఆ హోటలుకే ఉండిపోతాయి.

మా నాన్నగారు మొదటిసారి వచ్చినప్పుడు అలాగే దెబ్బతిన్నాం. నాలుగున్నర నక్షత్రాల హోటలు, పేరు ఇక్కడ అక్కర్లేదు. పండుగొప్ప పులుసు చెప్పాం. వేలు తగలగానే ముక్క పొడిపొడిగా రాలిపోయింది, లోపల ఇంకా చల్లదనం ఉంది. ఎన్నాళ్ళు ఐసులో ఉందో ఏమో. నాన్నగారు ఏమీ అనలేదు. ముక్కని కంచం పక్కకి జరిపి, పెరుగన్నం తిని లేచారు. కాలవ చేప తిని పెరిగిన మనిషి ఆయన. సముద్రం 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళో ఆయనకి అలాంటి చేప పెట్టించానే అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా పద్ధతి మారింది బడా బజార్‌లో, ఒక పప్పుల కొట్టు ముందు. నేను కందిపప్పు తూయించుకుంటుంటే ఒక పెద్దాయన వచ్చి పొట్టు మినపపప్పు అడిగాడు. గుప్పెడు తీసి వాసన చూశాడు. రెండు బద్దలు నోట్లో వేసుకుని కొరికాడు. తల అడ్డంగా ఊపి, ఆ బస్తా కాదు, వెనకది విప్పమన్నాడు. కొట్టాయన మారుమాట లేకుండా విప్పాడు. ఆయన వెళ్ళాక అడిగితే, "గేట్ బజార్ వైపు ఇడ్లీ బండి ఆయనదమ్మా. పాత పప్పయితే ముట్టడు. ఆ రోజు బండి మానేస్తాడు గానీ కొనడు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఏడింటికల్లా ఆ బండి దగ్గరున్నాం. సాలాకు దొన్నెలో మూడు ఇడ్లీలు పెట్టి, వాటి మీద తెల్ల బఠాణీల ఘుగ్ని ఒక గరిటె పోసి ఇచ్చాడు. ఇడ్లీ మీద బఠాణీ కూరేమిటని మొదట చెయ్యి ఆగింది. ఇడ్లీ తుంచితే దూదిలా విడిపోలేదు, కొంచెం సాగి తెగింది. మినప కమ్మదనం విడిగా తెలుస్తోంది. ఘుగ్నిలో కొబ్బరి ముక్కలు, దోరగా వేయించిన జీలకర్ర, ఎండుమిరప పొడి. ఆ పొడి వాసన ఇప్పుడు నాకు బరంపురం పొద్దుటి వాసన. బండికి పేరు లేదు, మ్యాప్‌లో లేదు, తొమ్మిదిన్నరకల్లా గిన్నె ఖాళీ.

అప్పట్నుంచి నేను హోటళ్ళ కోసం వెతకడం మానేశాను. మంచి సరుకు ఎవరి సంచీలోకి పోతోందో చూస్తాను. పొద్దున్నే వచ్చే విరుగుడు, అంటే ఇక్కడివాళ్ళ ఛెనా, ఎవరు ముందు తూయించుకుంటున్నారో చూస్తే, దాంతో కాల్చి చేసే మిఠాయి ఛెనాపోడ ఎక్కడ కొనాలో తెలిసిపోతుంది. సాలాకులు చుట్టి బొగ్గుల సెగ మీద గంటల తరబడి కాల్చినదానికి అడుగు ముదురు గోధుమ రంగులోకి మాడి, ఆకు వాసన పట్టి ఉంటుంది. ఓవెన్‌లో చేసినదానికి ఆ వాసన రాదు. గానుగ ఆవనూనె డబ్బాలు ఏ వంటింటికి వెళ్తున్నాయి, మాంసం కొట్టు దగ్గర తెల్లవారకముందే నిలబడేది ఎవరు అన్నవి కూడా ఇలాగే కనిపెట్టొచ్చు. కొట్టువాళ్ళని అడగడానికి మొహమాటపడకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే, బజార్లో సగం కొట్లలో తెలుగు నడుస్తుంది. మిగతా చోట్ల "ఆజి కణ భల అఛి?", అంటే ఇవాళ ఏది బాగుంది అని ఒడియాలో అడిగితే చాలు. ఆ ఒక్క ప్రశ్నకి వచ్చిన జవాబులు నాకు ఏ యాప్‌లోనూ దొరకలేదు.

చేప విషయానికి గోపాలపూర్ తీరం. అక్కడ వేట చేసే నోలియాలు ఇళ్ళలో మాట్లాడుకునేది తెలుగే, శ్రీకాకుళం ఒడ్డున వినిపించే యాసే. పొద్దున పడవలు ఒడ్డుకి వచ్చాక వేలం పాట కూడా తెలుగులోనే సాగుతుంది. ఏడేళ్ళుగా నేను ఒకే అక్క దగ్గర కొంటున్నాను. ఒకసారి కోనాం అడిగితే గంప మీద గోనె తియ్యనే లేదు. "ఈయాల కోనాం నీకొద్దమ్మా, నిన్నటిది. కవ్వళ్ళు అట్టుకెళ్ళు" అంది. తనకి ఎక్కువ డబ్బొచ్చే చేపని నాకు వద్దని చెప్పిన మనిషిని ఎలా వదులుకుంటాను? ఆమెనే అడిగాను, నీ చేప రోజూ ఏ హోటలుకి వెళ్తుందని. "పెద్దోటళ్ళోళ్ళు వారానికోపాలి వొచ్చి ఐసులో యేసుకుంటారు. రోజూ వొచ్చీది ఆ పాకోటలు ముసిలాయనే" అని చేత్తో చూపించింది.

ఆ పాకలో ఆరు బల్లలు. ఏ చేప ఉందో పలక మీద సుద్దముక్కతో రాస్తారు, అయిపోగానే తుడిచేస్తారు. కూర ఆవముద్దతో చేస్తారు. ఒడియావాళ్ళు బేసర అంటారు. మనం పనసపొట్టు కూరలో పెట్టే ఆవే, కాకపోతే ఇందులో వెల్లుల్లి, ఎండుమిర్చి కలిపి నూరి, చేప ముప్పాతిక ఉడికాక వేస్తారు. ముందే వేసి మరగనిస్తే చేదెక్కుతుంది. పులుపుకి చింతపండు కాదు, ఆంబుల. ఉప్పు పట్టించి ఎండబెట్టిన మామిడి, మన ఒరుగుకి దగ్గరి చుట్టం. మొదటి ముద్దకి ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది, వెనకాలే ఆ ఎండు పులుపు వస్తుంది. మా నాన్నగారు రెండోసారి వచ్చినప్పుడు నేరుగా ఇక్కడికే తీసుకొచ్చాను. అన్నం రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. ఇబ్బందులూ చెప్పాలి. రెండు దాటాక వెళ్తే ఏమీ మిగలదు. గాలివానకి పడవలు కదలకపోతే పొయ్యి వెలగదు. పెద్దవాళ్ళు కూర్చోవడానికి బల్లలు ఎత్తు తక్కువ.

పీతలు తినాలంటే రంభ వైపు వెళ్ళాలి, చిలికా ఒడ్డుకి. అమావాస్య రోజుల్లో కండ నిండుగా ఉంటుందని అక్కడి జాలర్లు చెబుతారు. నేను చూసినంతలో అది నిజమే. పొట్ట వైపు బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి, లొత్తబడితే తీసుకోకండి.

సరుకుల విషయానికొస్తే, నాకు మొదటి పాఠం పక్కింటి పెద్దమ్మ చెప్పింది. వాళ్ళు తరాలుగా ఇక్కడే మగ్గం నేసిన తెలుగువాళ్ళు. 2013 అక్టోబర్ 12 సాయంత్రం ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మేం వచ్చి నాలుగు నెలలే. కరెంటు లేదు, వీధి నిండా కూలిన చెట్లు, నా ఫ్రిజ్‌లో ఉన్నదంతా పాడైపోయింది. మూడో రోజు పొద్దున పెద్దమ్మ ఒక సత్తు గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. నీళ్ళన్నం, ఇక్కడి పాఖాళ. పక్కన చిన్న గిన్నెలో బడి చూరా. బడి అంటే మినప్పిండి వడియం. దాన్ని నిప్పుల మీద కాల్చి, పచ్చి వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉప్పు వేసి చేత్తో నలిపి, పైన ఆవనూనె చుక్క. ఆ పుల్లటి చల్లటి అన్నంలో ఆ కరకరలు పంటి కింద పడుతుంటే నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఫ్రిజ్ లేకపోయినా, బజారు తెరవకపోయినా ఆ ఇంట్లో తినడానికి సీసాల నిండా ఉంది. బడి, ఆంబుల, ఎండు రొయ్యలు, ఊరగాయలు.

ఆ బడి కొట్లో కొన్నది కాదు. వాళ్ళకి తెలిసిన ఒకావిడ చలికాలంలో మేడ మీద పెట్టి అమ్ముతుంది. బరంపురం అప్పడాలకీ పచ్చళ్ళకీ పేరున్న ఊరు, రంగుల పాకెట్లు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. పాకెట్ మీద పేరు చూసి కొనే ముందు, మీ వీధిలో ఎవరి మేడ మీద పాత చీరలు పరిచి ఉన్నాయో ఒకసారి తల ఎత్తి చూడండి. నేను ఇప్పుడు ఏటా రెండు కిలోల బడి, వంద అప్పడాలు ముందే చెప్పి పెట్టించుకుంటాను.

బియ్యంలో మాత్రం బాగా దెబ్బతిన్నాను. కొరాపుట్ కాలాజీరా గురించి విని ఒక కొట్లో ఐదు కిలోలు కొన్నాను. సంచీ విప్పగానే ఇల్లంతా ఘుమఘుమ. రెండుసార్లు కడిగేసరికి వాసన నీళ్ళలో పోయింది, అన్నం మామూలు సన్నబియ్యం అన్నమే. పైపైన ఏదో వాసన పట్టించారు. తర్వాత మా ఆయనతో పనిచేసే, కొరాపుట్ జిల్లా జైపూర్ మనిషి ఒకాయన సొంత ఊరి నుంచి వడ్లతో సహా తెచ్చి చూపించాడు. వడ్లు నల్లగా, చిన్నగా, అచ్చం జీలకర్రలాగే ఉన్నాయి, పేరు అందుకే వచ్చిందట. లోపలి గింజ పొట్టిగా ఉంటుంది. పచ్చి బియ్యానికి వాసన కొద్దిగానే, ఎసట్లో పడ్డాక పొంగుతుంది. పరమాన్నం వండితే యాలకులు వెయ్యాలనిపించదు. ఇలాంటి పాత వరి విత్తనాలు పోకుండా కాపాడినందుకే కొరాపుట్ జిల్లా పత్రపుట్ గ్రామం కమలా పూజారి గారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారని చెప్పినప్పుడు ఆయన గొంతులో గర్వం నాకింకా గుర్తుంది. 2024 జనవరిలో ఈ బియ్యానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చాక కొట్లలో ఆ పేరుతో సంచులు మరీ పెరిగాయి. కడిగి చూసేదాకా ఒక కిలోకి మించి కొనకండి.

ఇంటికి తెచ్చిచ్చే యాప్‌ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బిర్యానీకి, పిల్లల నూడుల్స్‌కి సరిపోతాయి. నేను ఇష్టపడే చోట్లలో ఒక్కటి కూడా వాటిలో లేదు. వీడియోలు చూసి వెళ్ళిన నాలుగు చోట్లలో ఒకటి బాగుంది. కొత్తవాళ్ళకి తెలియాల్సిన ఇంకో విషయం, కార్తీక మాసంలో ఇక్కడ చాలా ఇళ్ళలో నీచు ముట్టరు. చేపల హోటళ్ళు వెలవెలబోతాయి. ఆ నెలలో దాల్మా తినండి. పచ్చి బొప్పాయి, అరటికాయ, కంద, గుమ్మడి వేసి వండిన పప్పు, అన్ని ఇళ్ళలోనూ అదే వండుతారు కాబట్టి హోటళ్ళవాళ్ళు కూడా తక్కువ చెయ్యడానికి వీల్లేదు. గుంటూరు కారం మాత్రం ఇక్కడ నాకు నచ్చింది దొరకలేదు, ఇప్పటికీ పుట్టింటి నుంచి రైల్లో తెచ్చుకుంటాను.

చివరికి పసుపు. దుగ్గిరాల పిల్లని, పసుపు యార్డు వాసనలో పెరిగాను. పసుపులో నన్ను ఒప్పించడం కష్టం. కంధమాల్ పసుపుకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు కూడా, మా ఊరిదాని ముందు ఏం నిలుస్తుందిలే అనుకున్నాను. ఆ కంధమాల్ జిల్లాలోని జి. ఉదయగిరి వైపు నుంచి వచ్చే ఒక కూరగాయల వ్యాపారి ఒకసారి అరకిలో కొమ్ములు చేతిలో పెట్టాడు. మెరుగు పట్టించినవి కావు. పొట్టిగా, గరుగ్గా, మట్టి రంగులో ఉన్నాయి. చూడగానే నచ్చలేదు. ఒకటి విరిచాను. టక్కుమని విరిగింది. లోపల పచ్చగా లేదు, ముదురు నారింజ, దాదాపు ఎరుపు. గోటితో గీస్తే ఆ రంగు రెండు రోజులు వదల్లేదు. మరకి తీసుకెళ్ళి ఆడించాక పప్పులో ఎప్పుడూ వేసేంత వేస్తే కొంచెం చేదు తగిలింది. ఇప్పుడు సగమే వేస్తున్నాను. అమ్మ వచ్చినప్పుడు డబ్బా మూత తీసి వాసన చూసి, "ఇది ఎక్కడిదే?" అని అడిగింది. వెళ్ళేటప్పుడు కిలో పట్టుకెళ్ళింది. దుగ్గిరాలకి పసుపు పట్టుకెళ్ళడం మా ఇంట్లో అదే మొదలు.

పొడి మాత్రం ఎక్కడా కొనొద్దు, కొమ్ములే కొని ఆడించుకోండి. మాఘ, ఫాల్గుణాల్లో తవ్వి, ఉడికించి ఎండబెడతారు, ఉగాది నాటికి కొత్త కొమ్ములు దిగుతాయి. ఈ ఏడు పెద్దమ్మ వాళ్ళూ మేమూ కలిసి ఆ వ్యాపారికి 10 కిలోలు చెప్పాం. అందులో 3 కిలోలు అమ్మకి.