కెప్టెన్‌తో అక్కడే మాట్లాడటమా, రాసి పంపడమా?

అలాస్కాలో వల లాగి చేపలు పట్టే ఓడల్లో (ట్రాలర్లు), పట్టిన చేపల నమూనా తీసి లెక్కగట్టే అబ్జర్వర్‌కూ కెప్టెన్‌కూ గొడవ తెచ్చేది తరచూ హాలిబట్ అనే చేపే. వేరే చేపల కోసం వేసిన వలలో పడే హాలిబట్‌కు పరిమితి ఉంది, అది నిండితే వేట ఆగిపోతుంది. అందుకే ఒక్కోసారి నమూనా తీయకముందే హాలిబట్‌ను ఏరి సముద్రంలో పడేస్తారు, లెక్క తగ్గుతుంది.

ఇలా జరిగినప్పుడు అబ్జర్వర్ అక్కడే మాట్లాడితే తర్వాతి వలకే పని చక్కబడొచ్చు. వల ఎత్తే హడావిడిలో, సిబ్బంది ముందు మాత్రం వద్దు. ఓడ నడిపే గది వీల్‌హౌస్‌లో కెప్టెన్ ఒక్కరే ఉన్నప్పుడు, “నమూనాకు ముందే చేప తీశారండీ, ఏరని చేప కావాలి” అనాలి. డెక్ మీద జరిగింది ఆయనకు తెలియకపోవచ్చు కూడా.

రాతకు వేగం లేదు, బలం ఉంది: వల నంబరు, సమయం, అన్న మాటలు అన్నట్టే, అదే రోజు. మాట్లాడినా రాయాల్సిందే. బెదిరింపు వస్తే ఇక మాటలనవసరం, వెంటనే ఫిర్యాదే. అబ్జర్వర్‌ను బెదిరించడాన్ని అమెరికా చేపల వేట చట్టం మాగ్నుసన్-స్టీవెన్స్ నిషేధించింది.