12 పవర్ చాలు: స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మీద హాక్ వాంటేజ్ స్కోపు

చత్వారం వచ్చినవాళ్లకి ఐరన్ సైటుతో గురి పెట్టడం పెద్ద అవస్థ. వెనక గాడి, ముందు ముల్లు, అవతల టార్గెట్, మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒక్కదాని మీదే నిలుస్తుంది. కళ్లజోడు పెడితే ముల్లు తేటగా కనిపించి టార్గెట్ అలుక్కుపోతుంది, తీస్తే ముల్లే మాయం. స్కోపులో టార్గెట్టూ క్రాస్‌హెయిరూ (గురి చూసే అడ్డ, నిలువు గీతలు) ఒకేచోట, ఒకే స్పష్టతతో కనిపిస్తాయి. నేను స్కోపు పెట్టుకుంది అందుకు. దూరాలు కొట్టాలన్న సరదా నాకు లేదు.

బల్లార్‌పూర్‌లో ఫిట్టర్ పని నాది. రైఫిల్ మన దేశంలోనే తయారైన .177 అంగుళాల స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్, గుండు బలం 20 జూల్స్ లోపుది, లైసెన్సు అక్కర్లేదు. ఇంటి వెనక గోడ వెంబడి పది మీటర్లు సరిగ్గా వస్తాయి. తీరిక దొరికితే రాజురా వైపు బావమరిది చేలో మట్టిగట్టు ముందు పాతిక మీటర్లు. కొట్టేది కాగితాన్నే. తాడోబా పులుల అడవి ఉన్న చంద్రపూర్ జిల్లా ఇది, తుపాకీ ఆకారం కనిపిస్తే జనం అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి. అందుకని గట్టు దగ్గరికి చేరాకే సంచి విప్పుతాను. పిట్టల సంగతి ఎత్తే కుర్రాళ్లకి 1972 వన్యప్రాణి చట్టం గురించి ఒకసారి చెప్పి పంపించేస్తాను.

రైఫిల్‌తో పాటు ఉచితంగా ఒక స్కోపు వచ్చింది, పేరు అనవసరం. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత జీరో, అంటే క్రాస్‌హెయిర్ పెట్టిన చోటే గుండు పడేలా చేసిన సర్దుబాటు, నిలవడం మానేసింది. పొద్దున నల్లటి వృత్తంలో పడిన గుండు సాయంత్రానికి కాగితం అంచుకి పోయేది. చివరికి లోపలి క్రాస్‌హెయిర్ పక్కకి ఒరిగింది. ఇందులో వింతేమీ లేదు. స్ప్రింగ్ రైఫిల్ తన్నేది రెండుసార్లు. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకి దూకుతుంది, రైఫిల్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివర గాలి దిండుకి గుద్దుకుని ఆగేసరికి రైఫిల్ ఒక్క కుదుపుతో ముందుకి వస్తుంది. మందుగుండు తుపాకుల కోసం చేసిన స్కోపులు చాలావరకు వెనక్కి తన్నే దెబ్బకే సిద్ధంగా ఉంటాయి. ఈ ముందు కుదుపుకి ఖరీదైనవి కూడా లోపల వదులైపోతాయి. అందుకే కొనేముందు అడగాల్సిన మొదటి మాట: స్ప్రింగ్ రైఫిల్‌కి తట్టుకుంటుందా? పవర్ ఎంత, అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది అన్నది తర్వాత.

నాగపూర్‌లో నేను వెళ్లిన దుకాణం కుర్రాడు మాత్రం పవర్‌తోనే మొదలుపెట్టాడు. "24 పవర్ తీసుకోండి కాకా, ఈగ కూడా కనిపిస్తుంది" అన్నాడు. కనిపిస్తుంది, నిజమే. దాంతోపాటు నా గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. ఇంకో లెక్క ఉంది. ముందు అద్దం వ్యాసాన్ని పవర్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం ఎంతో వస్తుంది. 40 మిల్లీమీటర్ల అద్దానికి 4 పవర్ దగ్గర 10 మిల్లీమీటర్లు, 12 దగ్గర మూడుకి కాస్త పైన, 24 దగ్గర రెండు కూడా రావు. సాయంత్రం గోడ నీడలో ఆ సన్నటి వెలుగుతో ఏం చూస్తాం? కన్ను వెంట్రుకవాసి జరిగినా అంతా నలుపే.

కుర్రాడి ఓపికని మాత్రం మెచ్చుకోవాలి. నాలుగు స్కోపులు బయటికి తీసి, దుకాణం చివర గోడకున్న స్విచ్ బోర్డు చూడమన్నాడు. తేడా అక్కడే తేలిపోయింది. రెండింట్లో స్విచ్చులు మసకగా ఉన్నాయి, తల కాస్త కదిపితే క్రాస్‌హెయిర్ బోర్డంతా తిరిగింది. వాటి పారలాక్స్, అంటే కన్ను కదిలినా క్రాస్‌హెయిర్ టార్గెట్ మీదే నిలిచే దూరం, 100 గజాల దగ్గర ఖాయం చేసి ఉంటుంది, మార్చడానికి వీలుండదు. 40 మిల్లీమీటర్ల అద్దం ఉన్న అలాంటి స్కోపుతో పది మీటర్ల దగ్గర కొడితే, కన్ను మధ్యలోంచి అంచుకి జరిగినంత మాత్రాన గురి ఒకటిన్నర సెంటీమీటర్లకి పైగా తప్పే వీలుంది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాగితంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు.

మిగిలిన రెండింటికీ ముందు అద్దం చుట్టూ తిప్పే రింగు ఉంది. టార్గెట్ దూరానికి తగ్గట్టు పారలాక్స్ సర్దేది అదే. దీన్నే ఏఓ (అడ్జస్టబుల్ ఆబ్జెక్టివ్) అంటారు. అందులో హాక్ వాంటేజ్ 4-12×40 ఏఓ తీసుకున్నాను, అంటే పవర్ 4 నుంచి 12 దాకా, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు. పది గజాల నుంచి సర్దుకోవచ్చు, అంటే నా గోడ దూరం పట్టేస్తుంది. ట్యూబు ఒక అంగుళం, క్రాస్‌హెయిర్ మిల్ డాట్, అంటే గీతల మీద వరసగా చుక్కలుండే రకం. దీనికే 3-9 తమ్ముడు కూడా ఉన్నాడు. పది మీటర్లకే పరిమితమైతే అదీ సరిపోతుంది. పాతిక మీటర్ల కోసం నేను పెద్దది ఎంచుకున్నాను. ధర రైఫిల్ ధరకి దగ్గరదగ్గరగా అయింది. మా ఆవిడ బిల్లు చూసి, "దుర్భిణి కొని తుపాకీ ఉచితంగా తెచ్చినట్టుందే" అంది.

స్కోపు ఎంత మంచిదైనా మౌంట్ నాసిరకమైతే అంతా వృథా. ఎయిర్ రైఫిళ్లకి ఎక్కువగా 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి ఉంటుంది. వెడల్పు పట్టాల కోసం చేసిన పికటిన్నీ మౌంట్ దాని మీద కూర్చోదు, కొనేముందు చూసుకోండి. స్ప్రింగ్ కుదుపుకి మౌంట్ మెల్లగా వెనక్కి జారుతుంది కాబట్టి స్టాప్ పిన్ ఉన్న ఒకే ముక్క మౌంట్ తీసుకున్నాను. ఆ పిన్ రైఫిల్ మీది రంధ్రంలో దిగితే ఇక కదలదు. రింగు స్క్రూలు మేం ఫ్లాంజ్ బోల్టులు బిగించినట్టే ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. బలమంతా చూపిస్తే ట్యూబు నొక్కుకుపోతుంది. క్రాస్‌హెయిర్ నిటారుగా ఉందో లేదో చూడటానికి గోడకి దారం కట్టి, చివర ఒక నట్టు వేలాడదీశాను. నిలువు గీత దారం మీద కూర్చుంటే సరి.

కళ్లజోడు వాళ్లకి ఒక మాట. ముందుగా వెనక ఐపీస్ రింగు సర్దుకోవాలి. తెల్లటి గోడ వైపు పెట్టి, ఒక్క క్షణం చూసి, క్రాస్‌హెయిర్ నల్లగా స్పష్టంగా వచ్చేదాకా తిప్పాలి. ఎక్కువసేపు చూస్తే కన్ను తనే సర్దుకుపోయి మోసం చేస్తుంది. ఏఓ జోలికి వెళ్లేది ఆ తర్వాతే.

జీరో చేసేటప్పుడు కొత్తవాళ్లు కంగారుపడేది క్లిక్కుల దగ్గర. టరెట్ (గురిని పైకీ కిందికీ, పక్కలకీ జరిపే మర) ఒక క్లిక్ పావు ఎంఓఏ (కోణంలో ఒక నిమిషం), అంటే వంద గజాల దగ్గర సుమారు పావు అంగుళం. పది మీటర్ల దగ్గర అదే క్లిక్ ముప్పావు మిల్లీమీటరు కూడా కదలదు. సెంటీమీటరు జరపాలంటే పద్నాలుగు క్లిక్కులు తిప్పాలి. టరెట్ పాడైందని టెన్షన్ పడక్కర్లేదు. నేను పాతిక మీటర్లకి జీరో పెట్టుకున్నాను. స్కోపు రైఫిల్ గొట్టానికి నాలుగు సెంటీమీటర్లు పైన ఉంది కాబట్టి పది మీటర్ల దగ్గర గుండు కాస్త కిందికే పడుతుంది, ఆ తేడాకి మిల్ డాట్‌లో ఒక చుక్క గుర్తుపెట్టుకున్నాను. కూర్చుని, సంచి ఆనించి కొడితే పాతిక మీటర్ల దగ్గర ఐదు గుళ్లు రూపాయి బిళ్ల కింద దాక్కుంటున్నాయి. నా వయసుకి, నా రైఫిల్‌కి అది చాలా ఎక్కువ.

ఏఓ రింగుతో ఉన్న చిక్కల్లా చేయి ముందుకి చాచి తిప్పాలి, భుజం నుంచి రైఫిల్ కదులుతుంది. పక్కన చక్రం ఉండే సైడ్ ఫోకస్ రకాల్లో ఆ బాధ లేదు, ధర ఎక్కువ. రెండే దూరాలు కొట్టే నాలాంటివాడికి రింగు మీద తెల్ల పెయింటుతో రెండు గీతలు చాలు.

మా ఊరి ఎండ గురించి చెప్పకపోతే ఎలా? మేలో చంద్రపూర్ 46, 47 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం 12 పవర్‌లో టార్గెట్ ఆవిరిలా వణుకుతుంది, 6కి తగ్గిస్తే కాస్త నయం. స్కోపు మూత తీసి సూర్యుడి వైపు వదిలేయకండి, అద్దం ఎండని కూడగట్టి లోపల కాల్చేస్తుంది. ఇక బొగ్గు దుమ్ము. అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచారో, గీతలు ఖాయం. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాతే మెత్తటి గుడ్డ.

పక్క క్వార్టర్ తమ్ముడు తన కూతురికి కూడా ఇదే స్కోపు కొంటానని వచ్చాడు. ఆ పిల్ల పది మీటర్ల పోటీలకి వెళ్లాలనుకుంటోంది. అది కొనకు అన్నాను. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో టెలిస్కోపు నిషేధం, చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటే వాడాలి. "మరి మన రైల్వే టీసీ?" అన్నాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలే సెంట్రల్ రైల్వే ఉద్యోగి, మా ఊరి బల్లార్షా స్టేషన్‌దీ అదే రైల్వే కాబట్టి ఇక్కడ అందరికీ సొంత మనిషే. ఆయన కొట్టింది కూడా పీప్ సైటుతోనే. తమ్ముడు ఆ డబ్బు అమ్మాయి షూటింగ్ జాకెట్‌కి దాచాడు.