పన్నెండేళ్ల జీవితం అడిగిన దరఖాస్తు: ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌ను చాలాకాలం వాడిన తర్వాత

జర్మనీలోని బాడ్ ఆరోల్సెన్ పట్టణంలో ఉండి, నాజీల బాధితుల, రెండో ప్రపంచయుద్ధ నిర్వాసితుల పత్రాలను భద్రపరిచే ఆరోల్సెన్ ఆర్కైవ్స్ వారి ఆన్‌లైన్ సేకరణను నేను మా వియ్యపురాలి తండ్రి జాడ తెలుసుకోవడానికి వాడుతూ వచ్చాను. ఆయన పోలండ్‌లో టార్నూఫ్ దగ్గరి పల్లెలో పుట్టారు. యుద్ధకాలంలో జర్మనీ పొలాల్లో బలవంతపు కూలీగా పనిచేసి, 1949లో ఓడెక్కి ఆస్ట్రేలియా చేరి, మెల్‌బోర్న్‌లో వడ్రంగిగా బతికారు. మధ్యలోని పదేళ్ల గురించి కన్నకూతురికి కూడా ఒక్క ముక్క చెప్పలేదు. ఈ సేకరణలో ఎన్నో రకాల పత్రాలున్నా, నా మనసులో నిలిచిపోయింది మాత్రం సీఎం/1 (CM/1; ‘కేర్ అండ్ మెయింటెనెన్స్’, అంటే సంరక్షణ, పోషణ) అనే దరఖాస్తు ఒక్కటే.

యుద్ధం వల్ల సొంత దేశానికి దూరమైన నిర్వాసితుల బాధ్యతను 1947లో చేపట్టిన అంతర్జాతీయ శరణార్థుల సంస్థ, సాయం కోరినవారి చేత ఈ దరఖాస్తు పెట్టించేది. గత 12 ఏళ్లలో ఎక్కడ నివసించారు, ఎవరి దగ్గర ఏ పని చేశారు, ఏమి చదివారు, ఏ భాషలు వచ్చు, సొంత దేశానికి తిరిగి వెళ్తారా, వెళ్లకపోతే కారణమేమిటి అని అందులో వరసగా అడిగారు. మామూలు నమోదు కార్డులో పేరు, పుట్టిన తేదీ, శిబిరం తప్ప మరేమీ కనిపించని మనిషి ఈ కాగితంలో తన కథ తానే చెప్పుకుంటాడు.

మా వాళ్ల దరఖాస్తు తెరమీద తెరుచుకున్నప్పుడు వియ్యపురాలు నా పక్కనే ఉన్నారు. యుద్ధానికి ముందు ఆయన వడ్రంగి దగ్గర పని నేర్చుకుంటున్నారని అందులో ఉంది. మెల్‌బోర్న్‌కు వచ్చాకే ఆ పని నేర్చుకున్నారని ఇంట్లో అందరూ అనుకునేవారు. వెళ్లదలచిన దేశం అన్నచోట మొదట కెనడా అని ఉండి, దాన్ని కొట్టివేసి ఆస్ట్రేలియా అని రాసి ఉంది. బంధువుల గడిలో పోలండ్‌లో ఉన్న తల్లి పేరు ఉంది. తండ్రి తన తల్లిని మరిచిపోయారన్న నొప్పి ఆవిడకు చిన్నప్పటినుంచీ ఉండేదట. అడుగున ఉన్న సంతకంలో చివరి అక్షరం కింద లాగిన గీతను చూసి, తన బడి ప్రోగ్రెస్ కార్డుల మీద నాన్న అలాగే గీసేవారని చెప్పి చాలాసేపు ఏడ్చారు. ఈ ఒక్క కాగితాన్ని పైసా ఖర్చు లేకుండా ఇంట్లో కూర్చుని చూడనిచ్చినందుకు ఆ సంస్థకు మా రెండు కుటుంబాలూ రుణపడి ఉన్నాయి.

అయితే తన కథ తానే చెప్పుకుంటాడని పైన అన్న మాటకు కొంత హద్దు పెట్టుకోవాలి. స్వదేశానికి వెళ్లనంటే, హింసకు గురవుతామన్న భయమో, రాజకీయ అభ్యంతరమో, బలమైన కుటుంబ కారణమో చూపితేనే ఆ సంస్థ ఒప్పుకొనేది. పేదరికం ఒక్కటే చాలదు. కాబట్టి అక్కడున్నది అధికారి ఎదుట కూర్చున్న యువకుడు ఆచితూచి ఇచ్చిన జవాబు, దాన్ని రాసుకున్నది కూడా వేరొకరి చెయ్యి. తనను జర్మనీకి 1940లో తీసుకుపోయారని ఆయన చెప్పారు. మిత్రరాజ్యాల ఆదేశం మీద యుద్ధం తర్వాత జర్మన్ గ్రామాలు తమ దగ్గర ఉన్న విదేశీయుల జాబితాలు తయారుచేసి ఇచ్చాయి. అలాంటి ఒక జాబితాలో ఆయన పేరు ఎదుట 1942 అని ఉంది. రెంటిలో ఏది నిజమో నేను తేల్చదలచుకోలేదు, రెండు సంవత్సరాలనూ మనవరాలి కోసం రాసిపెట్టాను.

వెతుకులాటలో పేరు కన్నా పుట్టిన తేదీ మేలు. ఒకే మనిషి పేరును జర్మన్ గుమాస్తా ఒకలాగా, అమెరికన్ టైపిస్టు ఇంకోలాగా రాసేవారు కనుక పోలిష్ అక్షరాలు కార్డుకొక తీరుగా మారిపోయాయి. కార్డుల మీది పొడి అక్షరాలనూ ముద్రలనూ విడమరిచి చెప్పే ఆరోల్సెన్ వారి ఆన్‌లైన్ ఈ-గైడ్ జర్మన్ రాని నాలాంటివారికి పెద్ద ఆసరా.

ఓడ దిగిన తర్వాతి జీవితం ఇక్కడ దొరకదు. దానికి ఆస్ట్రేలియా జాతీయ ఆర్కైవ్స్‌లోని బోనెగిల్లా (కొత్తగా వచ్చినవారిని మొదట ఉంచిన చోటు) శిబిరపు కార్డులు చూడాలి. ప్రభుత్వం పంపిన చోట రెండేళ్లు పనిచేస్తామని ఒప్పుకున్నాకే నిర్వాసితులు ఆ దేశంలో అడుగుపెట్టారు, మా వాళ్ల కార్డులో ఆ పని రైలు మార్గాల మరమ్మతు.

అందరికీ ఇంత దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. ఆయన జర్మనీలోని శిబిరంలో ఉండి అంతర్జాతీయ సంస్థ ద్వారా వలస వెళ్లారు, పుట్టిన తేదీ మాకు ముందే తెలుసు, నాకు ఉద్యోగ విరమణ తర్వాతి తీరిక ఉంది. సోవియట్ నిర్బంధం నుంచి ఇరాన్ మీదుగా మన కొల్హాపూర్ దగ్గరి వలివడే శిబిరానికి చేరిన పోలిష్ కుటుంబాల కోసం వెతికేవారు దీనితో పాటు వేరే చోట్లా చూడవలసి ఉంటుంది. ఆస్ట్రేలియాకు వెళ్లినవారి పుట్టిన తేదీ తెలియకపోతే, ముందు అక్కడి పౌరసత్వపు దస్త్రం తెప్పించుకుని, ఆ తర్వాతే ఆరోల్సెన్‌లో వెతకడం మొదలుపెట్టమంటాను.