వెనక బ్రేక్ పట్టకపోతే టైట్ చేయిస్తే చాలా, లైనర్లు మార్చాలా?

మదనపల్లెలో టమాటా ఎత్తుకుని పలమనేరు మీదుగా చిత్తూరుకు దిగేటప్పుడు, మొగిలి ఘాట్‌లో తెలిసొస్తుంది పికప్ వెనక బ్రేకులు ఎంత పనిచేస్తున్నాయో. ఖాళీ బండికి ముందు బ్రేకులే చాలావరకు సరిపోతాయి కాబట్టి అప్పటిదాకా అనుమానమే రాదు. షెడ్డుకు పోతే ఒక మేస్త్రీ టైట్ చేస్తే చాలంటాడు, ఇంకో మేస్త్రీ లైనర్లు, అంటే బ్రేక్ వేసినప్పుడు రాసుకుని అరిగే పట్టీలు, మార్చేయమంటాడు.

ముందు మీరే పెడల్ తొక్కి చూడండి. మొదటిసారి బాగా కిందికి పోయి, వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే పైకొచ్చి గట్టిపడిందా? హ్యాండ్ బ్రేక్ కూడా చాలా పైకి లాగాల్సి వస్తోందా? అయితే లైనర్ ఉండే షూకీ, చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకీ మధ్య సందు పెరిగినట్టే. లైనర్‌లో మందం ఉంటే టైట్ చేయించడమే మేలు, చక్రం కొంచెం రాసుకుంటూ తిరిగేదాకా, సందు తగ్గించే అడ్జస్టర్ పళ్లు తిప్పితే అయిపోతుంది. కొందరు హ్యాండ్ బ్రేక్ కేబుల్ లాగి బిగించేసి టైట్ చేశామంటారు, అది మాత్రం ఒప్పుకోవద్దు, షూ పూర్తిగా వెనక్కి రాకపోతే, సందును తనంతట తానే సరిచేసే ఆటో అడ్జస్టర్ ఇక పని చేయదు. తొక్కి పట్టుకున్న పెడల్ మెల్లగా దిగిపోతుంటే మాత్రం లీకో, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండరో చూడాలి, ఈ రెండు పనులూ దానికి మందు కావు.

పెడల్ ఎత్తులోనే గట్టిగా ఉండి బండి మాత్రం ఆగకపోతే డ్రమ్ము ఊడదీయాల్సిందే. లైనర్ అరిగినా, అద్దంలా నునుపెక్కినా, ఆయిల్‌లో తడిసినా ఎంత టైట్ చేసినా దండగ. షూలను డ్రమ్ము వైపు నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు ఎత్తితే తడి ఉంటే బ్రేక్ ఆయిల్ లీకు, గేర్ ఆయిల్ వాసనొస్తే యాక్సిల్ సీలు పోయినట్టు. లీకు ఆపి, రెండు వైపులా షూలు మార్చండి. తడిసిన లైనర్‌ను పెట్రోల్‌తో కడిగి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించే పని నేనైతే చేయించను, వేడెక్కగానే లోపల ఇంకిన ఆయిల్ మళ్లీ పైకొస్తుంది. పాత షూకి రివిట్ కొట్టి కొత్త లైనర్ వేయించడం చవకే గానీ, లోడు బండికి కొత్త సెట్టే నా ఓటు. డ్రమ్మును లోపల చెక్కించడానికి లేత్ పట్టించే ముందు దాని మీద అచ్చుకొట్టి ఉన్న గరిష్ఠ కొలత చూడండి, అది దాటితే కొత్త డ్రమ్మే.

నా బండి సంగతి ఈ రెండూ కాదు. మామిడికాయల సీజన్‌కని వెనక కమాన్ కట్టలో (స్ప్రింగు ప్లేట్ల కట్ట) ఒక ప్లేటు ఎక్కువ వేయించాను, దాంతో వెనక భాగం పైకి లేచింది. వెనక బ్రేకులకు ఎంత ప్రెషర్ వెళ్లాలో లోడును బట్టి తేల్చే వాల్వ్ ఒకటి యాక్సిల్ పైన ఉంటుంది కదా, దానికేమో బండి ఖాళీగానే ఉన్నట్టు లెక్క. నేనేమో కొత్త లైనర్లకు డబ్బు పోశాను. ఆ వాల్వ్ రాడ్డు సరిచేయించాక గానీ బ్రేక్ పట్టలేదు.