మందుల స్కానర్: ఏడేళ్లు వాడిన ఒక నర్సు అనుభవం

ఆ రోజు నైట్ డ్యూటీ. 9 గంటల మందుల రౌండ్. 12వ బెడ్ పేషెంట్‌కు ఇన్సులిన్ వెయ్యాలని హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ మారేటప్పుడు, చెప్పారు. లైట్లు తగ్గించి ఉన్నాయి, ఆవిడ మగత నిద్రలో ఉంది. "లక్ష్మిగారేనా అమ్మా?" అని అడిగితే "ఆ" అంది. చేతి పట్టీ స్కాన్ చేశాను, సిరంజి మీది లేబుల్ స్కాన్ చేశాను. స్క్రీన్ ఎర్రగా మారింది. పేషెంట్ వేరు అని చూపించింది.

ఏసీ గాలి నేరుగా తగులుతోందని సాయంత్రం ఇద్దరు పేషెంట్లను అటూ ఇటూ మార్చారట. ఇద్దరి పేరూ లక్ష్మే. నా ఎదురుగా ఉన్నావిడకు అసలు షుగరే లేదు. సిరంజి ట్రేలో పెట్టేశాక చాలాసేపు నా చేతులు వణికాయి. ఆ ఇన్సులిన్ పడి ఉంటే, నిద్రలోనే ఆవిడ షుగర్ పడిపోయేది. నిద్రపోతోంది కదా అని తెల్లారేదాకా ఎవరూ లేపేవాళ్లం కాదు.

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో పనిచేస్తున్నాను. మా దగ్గర బార్‌కోడ్ పద్ధతి వచ్చి ఏడేళ్లు దాటింది. డాక్టరు ఆర్డరు కంప్యూటర్‌లో పెడతారు. ఫార్మసిస్టు దాన్ని చూసి, ఒక్కో డోసుకు లేబుల్ వేసి పైకి పంపుతారు. మేం ట్రాలీ తోసుకుంటూ బెడ్ దగ్గరికి వెళ్లి ముందు పేషెంట్ పట్టీ, తర్వాత మందు స్కాన్ చేస్తాం. మనిషి, మందు, మోతాదు, ఇచ్చే దారి (నోటితోనా, ఇంజెక్షనా), వేళ అన్నీ కలిస్తేనే పచ్చ గుర్తు వస్తుంది. ఇచ్చిన టైము దానంతట అదే నమోదవుతుంది.

కాగితం చార్టులతో ఎనిమిదేళ్లు పనిచేశాను కాబట్టి తేడా నాకు బాగా తెలుసు. నిండిపోయిన డ్రగ్ చార్టును రాత్రి 2 గంటలకు కొత్త షీట్‌లోకి ఎక్కించడం మా పనే. యూనిట్లకు బదులు డాక్టరు రాసిన ఇంగ్లిష్ 'U' అక్షరం సున్నాలా కనబడితే 4 యూనిట్లు 40 అవుతాయి. 1.0 అని రాస్తే చుక్క కనపడక 10 అవుతుంది. ఇప్పుడు అలా తిరగరాసే పనే లేదు. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. స్కానింగ్ ఉన్న వార్డుల్లో తిరగరాసేటప్పుడు జరిగే తప్పులు పూర్తిగా పోయాయి. వేళ తప్పడం కాకుండా, మందులు ఇవ్వడంలో జరిగే మిగతా తప్పులు 11.5 శాతం నుంచి 6.8కి తగ్గాయి. ఆ మిగిలిన 6.8 సంగతి కూడా చెప్పాలి.

పేషెంట్ చెయ్యి వాస్తే పట్టీ బిగుసుకుపోతుంది, స్నానం చేయిస్తే నానుతుంది, ఐవీ లైన్ పెట్టడానికి అడ్డమని ఎవరో కత్తిరించేస్తారు. గుండ్రటి యాంపుల్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసా) మీద లేబుల్ వంగిపోయి ఎన్నిసార్లు చూపించినా చదవదు. మా వార్డు చివరి నాలుగు బెడ్ల దగ్గర వైఫై అందేది కాదు. అప్పుడు ఏం చేస్తారంటే, పట్టీకి ఇంకో కాపీ ప్రింట్ తీసి నర్సింగ్ స్టేషన్‌లో అతికించుకుని, అక్కడే అన్నీ స్కాన్ చేసుకుంటారు. నేనూ చేశాను. ముప్పైమంది పేషెంట్లకు ఇద్దరం ఉన్న రాత్రి, బ్యాటరీ అయిపోయిన స్కానర్‌తో చేశాను. కానీ మనిషి దగ్గర చెయ్యని స్కాన్‌తో ఒరిగేదేమీ లేదు. ఆ లక్ష్మిగారి రాత్రి నేను స్టేషన్‌లోనే స్కాన్ చేసుకుని ఉంటే పచ్చ గుర్తే వచ్చేది.

అమెరికా ఆసుపత్రుల్లో ఇలాంటి అడ్డదారులు 15 రకాలని 2008లో ఒక పరిశోధన లెక్కగట్టింది. వాటి వెనక కారణాలు 31 అని కూడా తేల్చింది. నాకు ఆ కారణాల లెక్కే ముఖ్యం. మా దగ్గర మొదట మెమోలు ఇచ్చారు, నెలనెలా ఎవరెంత శాతం స్కాన్ చేశారో గోడకు అంటించారు. దాంతో అడ్డదారులే పెరిగాయి. తర్వాత కొత్తగా వచ్చిన నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ రెండు రాత్రులు మాతోపాటు రౌండ్ తిరిగారు. ఆ నెలలోనే వైఫై బాగైంది, అదనపు బ్యాటరీలు వచ్చాయి, చుట్టూ కోడ్ ఉండే పట్టీలు వచ్చాయి. నర్సింగ్ స్టేషన్‌లో కాపీలు అతికించడం మెల్లగా ఆగిపోయింది.

హెచ్చరికల గోల ఇంకొకటి. మొదట్లో ప్రతి రెండో మందుకూ ఏదో ఒక హెచ్చరిక వచ్చేది. చదవకుండా నొక్కేయడం వేలికి అలవాటైపోయింది. అవసరం లేనివి తీసేయించడానికి ఏడాది పట్టింది.

ఎలర్జీ విషయంలో మాత్రం తప్పు యంత్రానిది కాదు. మనం చెప్పిందే దానికి తెలుస్తుంది. అడ్మిషన్‌లో "ఎలర్జీ ఉందా?" అంటే మన పెద్దవాళ్లు లేదనే అంటారు. "ఏ ఇంజెక్షన్ అయినా పడక ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయా పెద్దమ్మా?" అని అడిగితే, పదేళ్ల కిందటి పెన్సిలిన్ సంగతి అప్పుడు బయటపడుతుంది. అడ్మిషన్ ఫారంలో ఈ ప్రశ్నను ఇలాగే తెలుగులో రాయించాలని పట్టుబట్టి రాయించాను. నేను చేసిన మంచి పనుల్లో అదొకటని నమ్ముతాను.

ఇది పట్టుకోలేనివి కూడా ఉన్నాయి. డాక్టరు మోతాదే తప్పుగా పెడితే దానికీ పచ్చ గుర్తే రావచ్చు. డ్రిప్ ఎక్కించే మా పంపులకు దీనితో సంబంధం లేదు, అందుకని డ్రిప్ ఎంత వేగంతో పోవాలో చేత్తోనే నొక్కాలి. అందుకే పొటాషియం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంకా ఇద్దరం కలిసే చూసుకుంటాం. సర్వర్ ఆగిపోతే మళ్లీ కాగితమే. కొత్తగా చేరే పిల్లలకు డ్రగ్ చార్ట్ రాయడమే రాదు, నెలకోసారి కూర్చోబెట్టి నేర్పిస్తున్నాం.

ఒక తాతగారు "నన్ను చూడకుండా ఆ పెట్టెనే చూస్తావేంటమ్మా" అన్నారు. నిజంగా బాధేసింది. అప్పటినుంచి ముందు చెయ్యి పట్టుకుని "మీ పూర్తి పేరు చెప్పండి" అంటాను, ఆ తర్వాతే స్కానర్ తీస్తాను. పేరు నేను చెప్పి అవునా అని అడగడం మానేశాను.

అయిదుకు నాలుగు ఇస్తాను. కొనాలనుకునే ఆసుపత్రులు డెమోను కాన్ఫరెన్స్ హాల్లో చూడొద్దు. మీ వార్డులో, రాత్రి రౌండ్‌లో, మీ నర్సుల చేతికిచ్చి వారం రోజులు చూడండి. మా దగ్గర రక్తం ఎక్కించేటప్పుడు ఇప్పటికీ ఇద్దరం బ్యాగు నంబరు పైకి చదివి కాగితం మీదే సంతకాలు పెడుతున్నాం. దానికీ స్కానింగ్ కావాలని రెండుసార్లు రాసిచ్చాం. వచ్చే నెల మీటింగ్‌లో మళ్లీ అడుగుతాం.